రవూల్ ఆఖరి మాట

లె హావ్ర్,
నవంబరు 1954

తెస్నియేర్‌కు,

నేను రవూల్ మార్తెయ్ భార్యని. నా చేతిరాత నీకు తెలియదు కాబట్టి ముందే చెప్తున్నాను.

నిన్న ఫొవెల్ అనే నీ కొత్త వకీలు మా ఇంటికి వచ్చాడు. తడిసిన గొడుగు మెట్ల మీద పెట్టి, టోపీ చేత్తో పట్టుకుని చాలా మర్యాదగానే మాట్లాడాడు. నీ శిక్ష తగ్గించమని పైవాళ్లకు అర్జీ పెడుతున్నారట. నాకు అభ్యంతరం లేదని ఒక్క ముక్క రాసిస్తే ఆ అర్జీకి బలం వస్తుందట. నేను తలుపు వేసేశాను.

ఇంకెప్పుడూ ఎవర్నీ నా గుమ్మంలోకి పంపకు. జర్మన్ల చెర నుంచి ఒంటిమీద సరైన కోటు కూడా లేకుండా వచ్చినప్పుడు నీకు గ్యారేజీలో పని ఇచ్చింది నా భర్త. మా బల్ల దగ్గర కూర్చుని నా చేతి వంట తిన్నావు. ఆయన తల పగలగొట్టిన రెంచి నీ పనిముట్ల పెట్టెలో దొరికింది. ఆ సాయంత్రం నువ్వు మళ్లీ గ్యారేజీకి రావడం, తత్తరపడుతూ వెళ్లిపోవడం గుస్తావ్ వొషే గారు ఎదురు కెఫే కిటికీలోంచి చూశారు. ఆయన అక్కడి నుంచి కదల్లేదని కెఫే యజమానురాలు ఓర్తాన్స్ ప్రమాణం చేసి చెప్పింది. నీ తల తీయకుండా యావజ్జీవంతో సరిపెట్టారు. అదే నీకు ఎక్కువ.

గుస్తావ్ గారు నా భర్తకు భాగస్వామి. ఆయన పూనుకోకపోతే గ్యారేజీ ఎప్పుడో మూతపడేది. నేను ఎవరి ఇళ్లలోనో బట్టలు ఉతుక్కుంటూ ఉండేదాన్ని. నువ్వు చేసిన పనికి ఇప్పటికీ తెల్లవారి లేవగానే ఒళ్లు బరువుగా ఉంటుంది. నన్ను వదిలెయ్.

సొలాంజ్ మార్తెయ్


సెంట్రల్ జైలు, నార్మండీ,
డిసెంబరు 1954

మదామ్ మార్తెయ్ గారికి,

మీ ఉత్తరం అందింది. వకీలును నేను పంపలేదు. మీ దగ్గరికి వెళ్లొద్దనే చెప్పాను. వయసులో ఉన్నాడు, ప్రపంచాన్ని కదిలించగలననుకుంటున్నాడు. అతని తరఫున క్షమాపణ అడుగుతున్నాను. ఇకమీద రాడు.

మీరు రాసినవాటిలో రవూల్ నాకు పని ఇచ్చాడన్నది నిజం. మీ వంట తిన్నదీ నిజం. శుక్రవారాలు మీరు చేసే ఉల్లికాడల సూప్ నాకు ఇంకా గుర్తుంది. ఆయన్ని నేను చంపలేదు. ఈ మాట కోర్టులో చాలాసార్లు చెప్పాను, ఎవరూ వినలేదు. మీకు ఒక్కసారి రాస్తున్నాను, మళ్లీ రాయను. ఆ సాయంత్రం గ్యారేజీ మూసే వేళకు నా గదికి వెళ్లి పడుకున్నాను. గదిలో నేను ఒక్కణ్ణే, సాక్ష్యం చెప్పడానికి ఇంకెవరూ లేరు.

ఇక్కడ మాచేత చేపల వలలు అల్లిస్తారు. సముద్రం కనబడదు గానీ వల మాత్రం రోజూ చేతుల్లో ఉంటుంది. దగ్గు తప్ప నాకు పెద్ద కష్టమేమీ లేదు. మిమ్మల్ని ఇబ్బంది పెట్టినందుకు మళ్లీ క్షమించమని అడుగుతున్నాను.

అర్మాన్ తెస్నియేర్


లె హావ్ర్,
ఫిబ్రవరి 1955

తెస్నియేర్‌కు,

నీకు మళ్లీ రాస్తానని అనుకోలేదు. ఇది నీ మీద జాలితో రాస్తున్న ఉత్తరం కాదు.

ఒక్క విషయం అడుగుతాను, ఉన్నదున్నట్టు చెప్పు. ఆ రోజు పగలంతా నువ్వు గ్యారేజీలో రవూల్ పక్కనే ఉన్నావు. నాకు ఒంట్లో బాగోలేదని ఆయన నీతో గానీ మరొకరితో గానీ అన్నాడా? నేను కూడా మధ్యాహ్నం అక్కడికి వచ్చినట్టు గుర్తు. అప్పుడు నేను ఎలా ఉన్నాను? నీకు గుర్తుంటే రాయి, గుర్తు లేకపోతే లేదని రాయి. నా మెప్పు కోసం కల్పించి రాయొద్దు.

ఎందుకని అడక్కు.

గుస్తావ్ గారు నన్ను పెళ్లి చేసుకుంటానని అడిగారు. ఈస్టర్ తర్వాత చెప్తానన్నాను. ఇది నీకెందుకు రాస్తున్నానో నాకే తెలియదు.

సొలాంజ్ మార్తెయ్


సెంట్రల్ జైలు,
మార్చి 1955

మదామ్ మార్తెయ్ గారికి,

ఇక్కడ ఉన్నవాడికి ఆ రోజు గుర్తు లేకపోవడం ఉండదండి. ప్రతి ముక్కా గుర్తుంది.

మధ్యాహ్నం మీరే క్యారేజీ తెచ్చారు. నీలం రుమాలు కట్టుకున్నారు. ఆకలిగా ఉందని మాతోపాటే బెంచీ మీద కూర్చున్నారు. రవూల్ జేబులో అక్రోటు కాయలు ఉంటే లాక్కుని పళ్ల మధ్య పెట్టి కొరికి పగలగొట్టారు. రవూల్, "పళ్లు ఊడిపోతే నా దగ్గరికి ఏడుస్తూ రాకు" అన్నాడు. "రాను, గుస్తావ్ దగ్గరికి వెళ్తా, ఆయన దగ్గర పట్టకార ఉంది" అన్నారు మీరు. గుస్తావ్ గారు ఆ రోజు ఊళ్లో లేరు, చీకటిపడే వేళకు వస్తారని రవూలే అన్నాడు. మీరు నవ్వుతూ వెళ్లిపోయారు. మీకు ఒంట్లో బాగోలేదని ఆయన ఎవరితోనూ అనలేదు, అనాల్సినట్టు మీరూ లేరు.

ఇది మీకు ఎందుకు కావాల్సి వచ్చిందో అడగను. గేటు దగ్గర మన ఉత్తరాలు చదువుతారని మాత్రం గుర్తుంచుకోండి.

మీ పెళ్లి గురించి చెప్పడానికి నేనెవర్ని?

అర్మాన్ తెస్నియేర్


లె హావ్ర్,
ఏప్రిల్ 1955

తెస్నియేర్ గారికి,

ఈ ఉత్తరం మీ వకీలు చేతికి ఇస్తున్నాను. అతను తెచ్చే కాగితాలు గేటు దగ్గర విప్పరట. నా అంతట నేనే అతని ఆఫీసుకు వెళ్లి అడిగాను. నన్ను చూసి అతను కుర్చీలోంచి లేచిన తీరు చూస్తే, నేను కొట్టడానికి వచ్చాననుకున్నట్టున్నాడు.

జరిగింది చెప్తాను.

గుస్తావ్ ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో భోంచేస్తాడు. జనవరిలో ఒక ఆదివారం ఆలిచిప్పల కూర వండాను. ఆపిల్ సారా కూడా కాస్త ఎక్కువే తాగాడు. మాటల్లో నేను, "రవూల్ పోతూపోతూ నాకొక మాటైనా చెప్పలేదు, అదే నన్ను తినేస్తోంది" అన్నాను. అతను రొట్టెముక్కతో పళ్లెం తుడుస్తూ, నన్ను ఓదార్చాలనే కాబోలు, "చెప్పకేం, చెప్పాడు. సొలాంజ్‌కి పన్ను నొప్పి, ఇంట్లో ఒక్కతే ఉంది అన్నాడు. నీ గురించే ఆలోచించాడు" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే ఏడ్చాను. గిన్నెలు కడుగుతుంటే చేతులు ఆగిపోయాయి. వెనక్కి తిరిగి, "ఎప్పుడన్నాడు?" అని అడిగాను. "ఆ రోజు పగలే, గ్యారేజీలో" అన్నాడు. నా మొహం వంక చూడలేదు.

నాకు పన్ను నొప్పి వచ్చింది ఆ సాయంత్రం భోజనాల దగ్గర. రవూలే లవంగం నలిపి పెట్టాడు. చిన్న పని ఉంది, ఇప్పుడే వస్తానని మళ్లీ గ్యారేజీకి వెళ్లాడు. ఇంక రాలేదు. ఆ గొడవలో పన్ను సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, నాకే గుర్తు లేదు. గుస్తావేమో రవూల్‌ను మర్నాడు పొద్దున్న శవంగానే చూశానని కోర్టులో చెప్పాడు.

అయినా నా జ్ఞాపకాన్ని నేనే నమ్మలేకపోయాను. పొద్దుటి నుంచే నొప్పి ఉందేమో, రవూల్ అనే ఉంటాడేమో అనుకున్నాను. అలా అనుకోవాలని నాకు ఎంత ఉండేదో మీరు ఊహించలేరు. అందుకే మీకు రాశాను. పగలు అక్రోట్లు కొరికానంటే అప్పటికి నొప్పి లేనట్టే. ఆ మాట గుస్తావ్ ఆ రాత్రి గ్యారేజీలో రవూల్ నోటే విని ఉండాలి.

ఒకటి అడుగుతాను. హత్యకు రెండు రోజుల ముందు మీరూ రవూలూ గట్టిగా పోట్లాడుకున్నారు. జీతం గురించి అని కోర్టులో చెప్పారు. రవూల్ జీతం దగ్గర పేచీ పెట్టే మనిషి కాదు. ఏమిటా గొడవ?

సొలాంజ్ మార్తెయ్


సెంట్రల్ జైలు,
మే 1955

మదామ్ మార్తెయ్ గారికి,

ఫొవెల్ మీ ఉత్తరం ఇచ్చి చదివేదాకా ఎదురుగా కూర్చున్నాడు. అతను సిగరెట్టు ఇచ్చాడు. దాన్ని వెలిగించడానికి అగ్గిపుల్లలు మూడు పాడుచేశాను.

మీరు అడిగింది చెప్తాను. చెప్పకుండా ఉంటే బాగుండునని ఉంది.

ఆ ఏడాది వేసవి నుంచి చీకటిపడే వేళ గ్యారేజీకి కార్లు వచ్చేవి. గుస్తావ్ తెప్పించేవాడు. నంబరు పలకలు మార్చి రంగు వేసి పంపేయాలి. మొదట్లో నాకు తెలియదు. తర్వాత ఒక కారు వెనకసీటు మీద ఆరిన నెత్తురు కనబడింది. పత్రికలో ఆ కారు సంగతి వచ్చింది. దోపిడీలో ఒక కావలివాణ్ణి కాల్చేశారు. రంగు వేయనని రవూల్‌తో చెప్పాను. "నోరు మూసుకుని పని చెయ్యి, నీకు బువ్వ పెడుతున్నది ఎవరు?" అని అరిచాడు. నేనూ అరిచాను. రోడ్డు మీదికి వినబడింది. అరుస్తూనే ఆయన పదేపదే తలుపు వంక చూశాడు. అది కోపం కాదు.

అప్పటి నా వకీలు ముసలాయన, ఇప్పుడు లేడు. ఇదంతా ఆయనకు చెప్తే, "నీ దగ్గర రుజువుందా? చచ్చినవాడి మీద బురద చల్లితే జూరీ నీ తల తీసేస్తుంది. జీతం కోసమని చెప్పు" అన్నాడు. చెప్పాను. మీరు నల్లబట్టలతో ముందు వరసలో కూర్చుని ఉన్నారు. మీ వంక చూస్తూ ఆ కార్ల మాట ఎత్తడం నావల్ల అయ్యేది కూడా కాదు.

ఇప్పుడు నా మాట వినండి. ఇంతటితో వదిలేయండి. ఏదో వంక చెప్పి గుస్తావ్‌కు దూరంగా ఎక్కడికైనా వెళ్లిపోండి. నేను ఈ గోడలకు అలవాటు పడ్డాను.

అర్మాన్ తెస్నియేర్


లె హావ్ర్,
జూన్ 1955

తెస్నియేర్ గారికి,

మీ ఉత్తరం చదివాను. రవూల్‌ను నేను పదకొండేళ్లు ఎరుగుదును. దొంగ కార్లకు రంగులు వేసే మనిషితో నేను కాపురం చేయలేదు.

గుస్తావ్ నేరస్థుడైతే కావచ్చు. దాంతోపాటు నా భర్తను కూడా అందులోకి లాగాల్సిన అవసరం మీకేమొచ్చింది? ఆయన వచ్చి కాదని చెప్పలేడు. అంత సులువా?

ఇక రాయకండి.

సొ. మార్తెయ్


ఫెకాం,
సెప్టెంబరు 1955

తెస్నియేర్ గారికి,

ఇదీ ఫొవెల్ చేతికే ఇస్తున్నాను. వేసవంతా మీకు రాయలేదు. మీరూ రాయలేదు. రాయొద్దన్నది నేనే కదా.

కెఫే ఓర్తాన్స్ అంగడి మూసేసి ఇక్కడ చెల్లెలి దగ్గర ఉంటోందని తెలిసి వచ్చాను. నా భర్త దొంగ కాదని ఆమె నోట వినాలనే వచ్చాను. మీ కోసం రాలేదు. అబద్ధం ఎందుకు?

ఇల్లు రేవు వెనక సందులో ఉంది. ఎండుచేపల వాసన. తలుపు తీసి నన్ను చూసి, "వస్తావనుకున్నాను, ఆలస్యం చేశావు" అంది. ఒకప్పుడు ఎంత లావుగా ఉండేదో మీకు గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు బట్టలు వేలాడుతున్నాయి. గోడ మీద కొడుకు ఫోటో, సైనికుడి దుస్తుల్లో. అతను పోయిన ఏడాది ఇండోచైనా యుద్ధంలో పోయాడు.

కాఫీ పోసి తనే మొదలుపెట్టింది. ఆ కార్లలో ఒకటి ఆమె కొడుకు నడిపాడట. నోరు విప్పితే కుర్రాణ్ణి పోలీసులకు అప్పగిస్తానని గుస్తావ్ బెదిరించాడు. ఆ సాయంత్రం గుస్తావ్ కెఫేలోంచి లేచి రోడ్డు దాటి గ్యారేజీలోకి వెళ్లడం ఆమె కళ్లారా చూసింది. చాలాసేపటికి తిరిగి వచ్చి చేతులు కడుక్కుని అదే కుర్చీలో కూర్చున్నాడు. మీరు ఆ చుట్టుపక్కలే లేరు.

"వాడి కోసం దాచాను. ఇప్పుడు వాడే లేడు. ఇంక ఎవరి కోసం దాచను?" అంది.

నేను అడగాలనుకున్నది అడిగాను. ఆమె నా కప్పు వంకే చూస్తూ, "నీ ఆయనకు అంతా తెలుసు సొలాంజ్. నీకూ ఎక్కడో ఒక మూల తెలిసే ఉంటుంది" అంది.

తెలుసో లేదో. ఆ వేసవిలో రవూల్ నాకు కొత్త కోటు కొన్నాడు. ఎక్కడిదని నేను అడగలేదు.

జూన్‌లో రాసిన ఉత్తరానికి నన్ను క్షమించండి. ఓర్తాన్స్ మెజిస్ట్రేటు ముందు చెప్తానంది. ఫొవెల్ తిరుగుతున్నాడు. పోలీసులు ఆ కార్ల ముఠా ఆరా అంతా తీసేదాకా గుస్తావ్‌కు అనుమానం రాకూడదన్నారు. అందుకని ఆదివారం భోజనాలు యథాప్రకారం సాగుతున్నాయి. పెళ్లికి సరేనన్నట్టే ఉండి, వచ్చే వసంతానికి వాయిదా వేశాను.

సొలాంజ్


సెంట్రల్ జైలు,
అక్టోబరు 1955

సొలాంజ్ గారికి,

క్షమాపణలు వద్దు. మీ స్థానంలో ఉంటే నేను అంతకంటే ఘాటుగా రాసేవాణ్ణి.

ఆ ఆదివారాలు ఆపండి. పోలీసులు వాళ్ల పని వాళ్లు చూసుకుంటారు. వాడు మీ ఎదురుగా కూర్చుని కత్తితో మాంసం కోసుకుంటున్నాడన్న ఆలోచన వస్తే నా చేతిలో వల ముడి తప్పుతోంది. మొన్న జవాను తిట్టాడు. ఇన్నాళ్లలో నా పని మీద వాళ్లు మాట అనడం అదే మొదలు.

ఇంకో మాట. మీకు కోపం రాకపోతే చెప్తాను. మీరు మొదలుపెట్టినదగ్గర్నుంచి నాకు ఇక్కడ కష్టంగా ఉంది. ఇదివరకు తిండి పెడితే తినేవాణ్ణి, దీపం తీస్తే పడుకునేవాణ్ణి. ఇప్పుడు బయట గేటు చప్పుడైతే చెవులు నిక్కబొడుచుకుంటున్నాయి. ఆశపడడం మానుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. మళ్లీ మొదలైతే, ఇది కూడా జరగకపోతే, రెండోసారి మానుకునే ఓపిక నాలో లేదు.

మిమ్మల్ని నిందించడం లేదు. అలసిపోయాను, అంతే. ఆ ఇల్లు విడిచి వెళ్లండి.

అర్మాన్


లె హావ్ర్,
ఫిబ్రవరి 1956

అర్మాన్ గారికి,

గుస్తావ్‌ను పట్టుకున్నారు. ఈపాటికి ఫొవెల్ పరుగెత్తుకొచ్చి చెప్పే ఉంటాడు. అయినా నా నోటితో చెప్పాలని రాస్తున్నాను.

ఆదివారం కుందేలు కూర వండాను. వాన వెలిసి ఎండ వచ్చింది. కింద రోడ్డు మీద ఇద్దరు మనుషులు కారు చెడిపోయినట్టు నటిస్తున్నారు. తినడం సగంలో ఉండగా గుస్తావ్, "ఈమధ్య నువ్వు మాట్లాడడం తగ్గించేశావు" అన్నాడు. "పన్ను నొప్పి" అన్నాను. ఎందుకన్నానో తెలియదు, నోట్లోంచి వచ్చేసింది. ఫోర్కు కింద పెట్టి చాలాసేపు నా వంక చూశాడు. అప్పుడు అర్థమైంది అతనికి. నన్ను ఏమైనా చేస్తాడనుకున్నాను, ఏమీ చేయలేదు. మూతి తుడుచుకుని, "కూర బాగుంది" అని కోటు వేసుకుని మెట్లు దిగాడు. వాళ్లు అతని రెండు చేతులూ పట్టుకున్నప్పుడు కూడా గింజుకోలేదు.

ముఠాలో ఇంకొకడు దొరికి అన్నీ చెప్పాక ఇతనూ ఒప్పుకున్నాడు. రెంచిని మీ పెట్టెలో పెట్టింది కూడా తనేనన్నాడు. మెజిస్ట్రేటు నన్ను పిలిచి, మీరు వినాల్సినవి కొన్ని ఉన్నాయి, కూర్చోండి అన్నాడు.

మీతో పోట్లాట అయ్యాక రవూల్ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. మూడో రోజు గుస్తావ్‌ను రమ్మని కబురు పంపి, నేను ఇంక చేయను, పొద్దున్నే వెళ్లి పోలీసులకు చెప్పేస్తాను, కాల్చింది కావలివాణ్ణిరా, వాడికీ పెళ్లాం ఉంది అన్నాడట. గుస్తావ్ తలుపుకు అడ్డం నిలబడ్డాడు. రెంచి చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు రవూల్ భయపడి, "నన్ను ఇంటికి పోనీ గుస్తావ్, సొలాంజ్‌కి పన్ను నొప్పి, ఒక్కతే ఉంది" అన్నాడు.

అదీ ఆయన ఆఖరి మాట. నన్ను తలుచుకోవడానికి అన్నది కాదు. ప్రాణం దక్కించుకుని బయటపడడానికి చెప్పిన వంక.

మీ మాట ఆయన చెవికెక్కింది అర్మాన్ గారూ. అది మీకు తెలియాలి. దీనికి సంతోషించాలో ఏడవాలో నాకే తేలడం లేదు, మీకెలా చెప్పను?

సొలాంజ్


రూఆన్,
నవంబరు 1956

సొలాంజ్ గారికి,

బయట ఉన్నాను. పై కోర్టు పాత తీర్పు కొట్టేసి నన్నూ గుస్తావ్‌నూ కలిపి మళ్లీ విచారించమనడం, ఆ విచారణ, అన్నీ మీరూ చూశారు. న్యాయమూర్తి "నిర్దోషి" అన్నప్పుడు నాకు వినబడలేదు. పక్కనున్న జవాను భుజం తట్టి, "అయిపోయింది, నడు" అన్నాడు. ఎక్కడికి అని అడిగాను. అతనికి నవ్వొచ్చింది.

మిమ్మల్ని పలకరించకుండా వచ్చేశాను. పలకరించలేకపోయాను. గుస్తావ్ వకీలు మిమ్మల్ని, "అయితే మదామ్, మీ భర్త దొంగ అంటారా?" అని అడిగినప్పుడు హాల్లో అందరూ మెడలు సాచారు. మీరు గొంతు పెంచలేదు. "దొంగ కార్లతో మా పొయ్యి వెలిగింది. ఆ వంట నేనూ తిన్నాను. మానేయాలని వెళ్లిన రోజే ఆయన్ని చంపేశారు" అన్నారు. నా పేరు బాగుపడడానికి ఆ మాట మీ నోటితో చెప్పాల్సి వచ్చింది. దాని తర్వాత కోర్టు గుమ్మంలో ఎదురుపడి కృతజ్ఞతలు చెప్పడం నాకు సిగ్గనిపించింది.

జైల్లో నా పాత కోటు ఇచ్చారు. భుజాల దగ్గర వదులైంది. ఇక్కడ ఒక గ్యారేజీలో పని అడిగాను. మేస్త్రీ పేరు అడిగాడు, చెప్పాను. "పత్రికలో వచ్చిన తెస్నియేరేనా?" అన్నాడు. నిర్దోషినని తీర్పొచ్చిందన్నాను. "అది నేనూ చదివాను లేవయ్యా. కాకపోతే మా దగ్గరికి వచ్చేవాళ్లు సగం సగం చదువుతారు" అన్నాడు. చెడ్డవాడు కాదు. ఇప్పుడు బస్సులు కడిగే పని చేస్తున్నాను. అక్కడ పేర్లు అడగరు.

తలుపు నా అంతట నేను తీసుకోవడం ఇంకా అలవాటు కాలేదు. గది తలుపు ముందు నిలబడి ఎవరైనా తీస్తారేమోనని చూస్తుంటాను.

అర్మాన్


లె హావ్ర్,
డిసెంబరు 1956

అర్మాన్ గారికి,

మీ ఉత్తరం వచ్చినందుకు స్థిమితపడ్డాను. ఎక్కడికి పోయారో ఫొవెల్‌కు కూడా తెలియదన్నాడు.

ఇక్కడి సంగతులు చెప్తాను. ఫిర్యాదు కాదు, మీకు తప్ప ఇంకెవరికి చెప్పినా అర్థం కాదు. రొట్టెల అంగట్లో నేను వెళ్లగానే మాటలు ఆగిపోతాయి. పక్కింటి ఆవిడ నన్ను చూసి అటు పక్కకి దాటుతోంది. ఇన్నాళ్లూ వీళ్లందరికీ నేను పాపం మార్తెయ్ భార్యని. ఇప్పుడు దొంగ పెళ్లాన్ని, పైగా పక్కింటాళ్ల లెక్కలో హంతకుడికి ఆదివారాలు వండిపెట్టినదాన్ని. కొందరైతే మీకూ నాకూ ముందు నుంచే ఏదో ఉందంటున్నారు. లేకపోతే మొగుణ్ణి చంపినవాడికి ఏ ఆడదైనా ఉత్తరాలు రాస్తుందా అని. మీరు చంపలేదు కదా అంటే, అది నీకు ముందే ఎలా తెలుసు, అదే కదా మేమూ అంటున్నది అంటారు. వాళ్లతో వాదించే ఓపిక లేదు.

గ్యారేజీ బోర్డు మీద ఎవరో తారు పూశారు. నిచ్చెన వేసి తుడవబోయి సగంలో దిగేశాను. రవూల్ సమాధి దగ్గరికి వెళ్లాను. చాలా తిట్టాను. తర్వాత గడ్డి పీకాను.

మీరు పనికిరాని మొహమాటంతో అక్కడ బస్సులు కడుగుతూ కూర్చోవద్దు. ఇక్కడ గ్యారేజీ ఖాళీగా ఉంది. రమ్మని అడగను, ఈ ఊరు మీకు ఏం చేసిందో నాకు తెలుసు. నేనేం చేశానో కూడా తెలుసు. మీ మీద ఉమ్మేయాలని ఆనాడు కోర్టుకు ముందుగా వచ్చి ముందు వరసలో చోటు పట్టుకున్నదాన్ని నేను.

వచ్చేది లేనిది మీ ఇష్టం. ఉత్తరం మాత్రం ఆపకండి.

సొలాంజ్


రూఆన్,
జనవరి 1957

సొలాంజ్ గారికి,

మీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి చాలా జవాబులు రాసి చించేశాను. పెద్ద మాటలు నాకు రావు.

ఇక్కడ ఎవరితో మాట్లాడినా మొదట నేను ఎవరో చెప్పాలి, తర్వాత నేను చేయలేదని చెప్పాలి, ఆ తర్వాత వాళ్లు నమ్మారో లేదో మొహం చూసి తెలుసుకోవాలి. అంతా అయ్యాక ఇంక మాట్లాడడానికి ఒంట్లో ఏమీ మిగలదు. మీ దగ్గర అది అక్కర్లేదు. ఊరికే కూర్చోవచ్చు.

శనివారం మధ్యాహ్నం బండికి వస్తున్నాను. ఉండడానికో పోవడానికో ఇంకా అనుకోలేదు.

మీరు స్టేషనుకు రావద్దు. బండి దిగేవాళ్లలో నన్ను గుర్తుపట్టేవాళ్లు ఉంటారు. మీరు పక్కన ఉంటే ఇప్పుడు అంటున్నదానికి రెండింతలు అంటారు. చీకటిపడ్డాక వెనక సందులోంచి నేనే వస్తాను.

అర్మాన్


లె హావ్ర్,
గురువారం

అర్మాన్ గారికి,

ఇది శనివారం లోపు మీకు అందాలని పోస్టాఫీసుకు పరుగెత్తుకెళ్లి వేస్తున్నాను.

వెనక సందు వద్దు. చీకటిపడేదాకా ఎక్కడో దాక్కోవడం అసలే వద్దు. నేను స్టేషనుకే వస్తాను, గేటు దగ్గర అందరికీ కనబడేలా నిలబడతాను. ఇంటిదాకా పెద్ద బజారు మీదుగా నడిచి వెళ్దాం, రొట్టెల అంగడి ముందు నుంచే.

చూస్తే చూడనివ్వండి.

సొలాంజ్